ఆల్విన్ బండికి సామాను కావాలి!

తయారు చేసిన కంపెనీ పేరు జనం మరచిపోయారు. బండి మాత్రం పుప్పాలగూడలో నిన్నమొన్నటి దాకా గడ్డి మోసింది. ఒకరోజు బ్రేకు పోయింది. ఆ చిన్న సామాను కోసం ఓ పెద్దాయన రాణిగంజ్ నుంచి జహీరాబాద్ దాకా తిరిగారు. ఆయన వెంట మేమూ తిరిగాం.

పుప్పాలగూడ పాత ఊళ్లో ఓ ఇరుకు సందు. సందు చివర రేకుల కొట్టం. కొట్టంలో పన్నెండు బర్రెలు. ముందు వేపచెట్టు కింద ఓ పాత మినీ లారీ. రంగు ఒకప్పుడు నీలమై ఉండాలి. నంబరు ప్లేటు మీద మూడు అక్షరాలు, నాలుగంకెలు. అంటే 1989కి ముందు రిజిస్టరైన బండి. నాలుగు చక్రాల కిందా నాలుగు రాళ్లు పెట్టి ఉన్నాయి.

‘‘రాళ్లెందుకు?’’ అని అడిగితే పెద్దాయన నవ్వారు.

‘‘బ్రేకు లేదు సారూ. రాయే బ్రేకు.’’

తలెత్తి చూస్తే వేపచెట్టు కొమ్మల మధ్యనుంచి ముప్పై, నలభై అంతస్తుల భవనాలు. కూతవేటు దూరంలో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. అక్కడ ప్రపంచంలో పేరున్న కంపెనీలన్నీ ఉన్నాయి. ఇక్కడ పాతికేళ్ల కుర్రాడి బొటనవేలంత రబ్బరు ముక్క లేక ఓ బండి నిలిచిపోయింది. ఆ ముక్క ఎక్కడ దొరుకుతుంది? ఇంతకీ దొరుకుతుందా? ఇదీ ఆ రోజు ఆ కొట్టం ముందున్న ప్రశ్న.

బండి కంటే ముందు ఊరు

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, మణికొండ, నార్సింగి, కోకాపేట... వీటన్నిటి నడుమ ఉంటుంది పుప్పాలగూడ. ఒకప్పుడు రాజేంద్రనగర్ మండలంలోని పల్లె. 2016లో జిల్లాలు, మండలాలు మారినప్పుడు గండిపేట మండలంలోకి వచ్చింది. 2018లో మణికొండ పురపాలికలో కలిసింది. ఊరి పక్కనే ఖాజాగూడ గుట్టలు. ఆ గ్రానైటు బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ గుట్టల్లోనే అనంతపద్మనాభస్వామి కొలువై ఉన్నాడు.

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాయి. అప్పటికి ఈ ఊరివాళ్లకు అది ‘అటుపక్క ఏదో కడుతున్నారట’ అన్నంత దూరం. పదేళ్లు తిరిగేసరికి, 2008లో, గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగు రోడ్డు తొలి భాగం సిద్ధమైంది. ఆ తర్వాత ఊరు ఆగలేదు. 2023 ఆగస్టులో పక్కనున్న కోకాపేటలో వేలం వేస్తే ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది.

ఈ పెద్దాయనకు అంత ధర రాలేదు. చాలామందిలాగే ముందే అమ్ముకున్నారు. వచ్చిన డబ్బుతో శంకర్‌పల్లి దిక్కున కాస్త పొలం కొన్నారు. ఊళ్లో ఇల్లు, కొట్టం మిగుల్చుకున్నారు. పొలంలో పచ్చగడ్డి పెంచుతారు. తెల్లవారుజామున బండి వేసుకుని వెళ్లి, కోసి, ఎండెక్కేలోపు తిరిగొస్తారు. పాలు చుట్టుపక్కల అపార్టుమెంట్లకు పోస్తారు.

‘‘ఒక్కరోజు బండి ఆగితే కిరాయి బండి మాట్లాడాలె. నెలంత ఆగితే పాల పైసలు కిరాయికే సరి. బర్రెలకు బ్రేకు పోయిందంటే అర్థమైతదా?’’ ఇదీ ఆయన లెక్క.

అందరూ డీసీఎం అంటారు... కానీ కాదు!

వీధిలో ఎవరిని అడిగినా దాన్ని ‘డీసీఎం’ అనే అంటారు. తెలంగాణలో సరకు మోసే మినీ లారీ ఏదైనా సరే, దాని పేరు డీసీఎమ్మే. ఆ పేరు వెనక చిన్న కథ ఉంది.

1980ల్లో మన దేశంలోకి ఒక్కసారిగా నాలుగు జపాను రకం తేలికపాటి లారీలు వచ్చాయి. డీసీఎం-టొయోటా ఒకటి. పంజాబులో స్వరాజ్-మజ్దా రెండోది. మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో ఐషర్-మిత్సుబిషి మూడోది. నాలుగోది మన ఆల్విన్-నిస్సాన్. కర్మాగారం ఎక్కడో కాదు, జహీరాబాద్‌లోనే. పెద్దాయన బండి ఇదే.

హైదరాబాద్ ఆల్విన్ గురించి ఇప్పటి పిల్లలకు పెద్దగా తెలియకపోవచ్చు. 1942లో, నిజాం కాలంలో, పరిశ్రమల ట్రస్టు నిధి, అల్లాదీన్ అండ్ కంపెనీ కలిసి పెట్టిన సంస్థ అది. బస్సు బాడీలు, రిఫ్రిజరేటర్లు, చేతి గడియారాలు అన్నీ చేసింది. ఆల్విన్ ఫ్రిజ్ ఉన్న ఇల్లంటే ఒకప్పుడు వీధిలో గౌరవం. ఇవాళ మియాపూర్ దగ్గర ఆల్విన్ చౌరస్తా, కూకట్‌పల్లి వైపు ఆల్విన్ కాలనీ మిగిలాయి. బస్సు కండక్టర్ పిలిచే స్టాపు పేరుగా మారిన కంపెనీ!

ఆ నాలుగు బండ్లకూ మొదట్లో చాలా సామాను జపాను నుంచే వచ్చేది. 1985 తర్వాత జపాను కరెన్సీ యెన్ విలువ ఎగబాకింది. మూడేళ్లు తిరగకముందే డాలరుతో పోలిస్తే దాదాపు రెట్టింపయింది. దాంతో అక్కడినుంచి తెచ్చుకునే ప్రతి బోల్టూ భారమైంది. పోటీలో ఐషర్, స్వరాజ్ నిలదొక్కుకున్నాయి. డీసీఎం-టొయోటా 1990ల్లో చేతులు మారి కనుమరుగైంది. ఆల్విన్-నిస్సాన్ కర్మాగారం మహీంద్రా చేతికి వెళ్లింది. ఇవాళ జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారవుతున్నాయి.

పోయిన ఇద్దరిలో ఒకరి పేరు అన్ని బండ్లకూ మిగిలింది. రెండోవారి బండి మన పెద్దాయన దగ్గర మిగిలింది.

‘‘మా నాయిన కొన్నడు. మా ఊర్ల మొదటి బండి. కూరగాయలు, పాలు, పెండ్లి బృందాలు... అన్ని మోసింది. మా చెల్లె పెండ్లికి అందరం దీంట్లనే పోయినం’’ అంటూ బండి మీద చెయ్యి వేసి చెప్పారాయన. చెయ్యి తీసి చూసుకుంటే అరచేతికి నీలం పొడి.

మేస్త్రీ చెప్పిన సూత్రం

నార్సింగి దారిలో చిన్న షెడ్డు. అందులో అరవై దాటిన మేస్త్రీ. అందరూ ‘ఉస్తాద్’ అనే పిలుస్తారు. ఆయన బండి కిందకు దూరి, చేతికి నూనె అంటించుకుని బయటకు వచ్చారు. మాస్టర్ సిలిండర్ పాడైంది. పెడల్ తొక్కినప్పుడు బ్రేకు నూనెను నాలుగు చక్రాలకూ తోసేది ఇదే. ఇందులోని రబ్బరు కప్పులు అరిగిపోయాయి. బ్రేకు నూనెకు గాల్లో తేమను పీల్చుకునే గుణం ఉంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ తేమ లోపల తుప్పు పట్టిస్తుంది. ఈ సిలిండర్ లోగోడకు చీమ తలకాయంత గుంటలు పడ్డాయి. ఇక కొత్త రబ్బరు వేసినా నూనె పక్కనుంచి జారిపోతుంది.

‘‘ఏదో ఒకటి సర్దలేరా?’’ అని మేమే అడిగాం.

ఉస్తాద్ మా వైపు కాస్త జాలిగా చూశారు. ‘‘ఇంజిన్ ఫెయిలైతే బండి ఆగుతది సార్. బ్రేక్ ఫెయిలైతే బండి ఆగదు. ఇంజిన్ల ఏదన్న సర్దుత. బ్రేకుల సర్దను.’’

తర్వాత పెద్దాయన వైపు తిరిగి, ‘‘పరేషాన్ కావొద్దు పటేలా. కొలత ఉన్నది ఎక్కడన్న దొర్కుతది. రూపం ఉన్నదే దొర్కదు. ఇది కొలతది’’ అన్నారు.

ఆ మాట అప్పుడు మాకు సరిగా అర్థం కాలేదు. ముందు అద్దం వైపు వేలు చూపి ఉస్తాద్ ఇంకో మాట కూడా అన్నారు. ‘‘అసలు కష్టం గదీ.’’ అద్దానికి ఓ మూల నుంచి ఇంకో మూలకు చీలిక. టిప్పర్ నుంచి ఎగిరిన కంకరరాయి చేసిన పని. ఆ అద్దంతో ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్తే తిప్పి పంపుతారు. గడువు నెలన్నర ఉంది. అంటే బండికి కావలసినవి రెండు... ఒక బ్రేకు, ఒక అద్దం.

రాణిగంజ్: ‘ఏ బండి అని అడగొద్దు’

మొదటి ప్రయాణం సికింద్రాబాద్ రాణిగంజ్‌కు. షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కి, మెహిదీపట్నం, లక్డీకాపూల్ దాటి, ట్యాంక్‌బండ్ మీదుగా వెళ్లాం. మోటారు సామానుకు, బేరింగులకు, ట్రాక్టర్ పార్టులకు ఈ బజారు పెట్టింది పేరు. పది అడుగుల కొట్టు, వెనక చీకట్లో పైకప్పు దాకా అట్టపెట్టెలు. ఏ పెట్టెలో ఏముందో కొట్టు యజమానికి తప్ప దేవుడికి కూడా తెలియదు.

మొదటి మూడు కొట్లలో ‘ఆల్విన్ నిస్సాన్’ అనగానే తల అడ్డంగా ఊపారు. ‘‘ఆ మాల్ బందయి ఎన్నేండ్లాయె!’’ నాలుగో కొట్టులో ఓ పెద్ద వయసు వ్యాపారి బండి పేరు వినలేదు. చెయ్యి చాపి, ‘‘పాత ముక్క ఇవ్వండి’’ అన్నారు. పెద్దాయన జేబులోంచి రుమాలు తీసి, అందులో చుట్టిన రబ్బరు కప్పు ఇచ్చారు. వ్యాపారి దాన్ని కాదు, అది కూర్చునే పిస్టన్‌ను వెర్నియర్ పెట్టి కొలిచారు.

‘‘పాత రబ్బరు నూనె తాగి ఉబ్బుతుంది. దాన్ని కొలిస్తే తప్పుతాం. ఇనుము అబద్ధం చెప్పదు’’ అన్నారు. లోపలికి వెళ్లి అయిదు నిమిషాల్లో ఓ ప్లాస్టిక్ పొట్లం తెచ్చారు. వేరే కంపెనీ లారీ రబ్బరు కిట్టు. అదే కొలత!

మా ఆశ్చర్యం చూసి ఆయనకు ఉత్సాహం వచ్చింది. బల్ల మీదున్న ఓ బేరింగు తీసి చూపించారు. దాని మీద 6205 అని ఉంది. చివరి రెండంకెలను అయిదుతో హెచ్చవేస్తే లోపలి రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో తెలుస్తుందట. 05 అంటే 25 మిల్లీమీటర్లు. 08 అయితే 40. ఈ లెక్క 04 నుంచి పైకి పనిచేస్తుంది. జపానులో చేసినా, జర్మనీలో చేసినా, జైపూర్‌లో చేసినా అంకె అదే, కొలత అదే. ఆయిల్ సీల్‌కు మూడంకెలు ఉంటాయి. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. ఫ్యాన్ బెల్టుకూ నంబరుంటుంది. అందుకే బండి చచ్చిపోయినా దాని బేరింగు చావదు. మిక్సీలోనో, మోటారు పంపులోనో, మరో లారీలోనో బతికే ఉంటుంది.

‘‘ఏ బండి అని అడగొద్దు సార్, ఎంత కొలత అని అడగండి. బండి పేరు చెబితే లేదంటారు. కొలత చెబితే వెతుకుతారు.’’ ఉస్తాద్ మాట అప్పుడు బోధపడింది.

రబ్బరు దొరికింది. గుంటలు పడ్డ సిలిండర్ సంగతి? అది బాలానగర్‌లో తేలింది. అక్కడి చిన్న లేత్ షెడ్డులో సిలిండర్ లోపలి గోడను కాస్త పెద్దదిగా కోసి, అందులో కొత్త లోహపు గొట్టాన్ని బిగించి, మళ్లీ పాత కొలతకు నునుపు చేశారు. స్లీవ్ వేయడం అంటారు దీన్ని. పాత ఇనుప ఒంట్లో కొత్త పేగు అన్నమాట.

తిరిగొచ్చి బిగించాక ఉస్తాద్ వెంటనే బండి తీయనివ్వలేదు. గాలి లేకుండా నూనె నింపించి, పెడల్ గట్టిగా తొక్కి పట్టుకొమ్మని పెద్దాయన కొడుకును కూర్చోబెట్టారు. పది నిమిషాలు. పెడల్ వెంట్రుకవాసి కూడా కిందకు జారకూడదు. జారలేదు. చివరికి చక్రాల కింద రాళ్లు తీసేశారు.

కొడుకు వాదన

కొడుకు గురించి చెప్పాలి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటి నుంచి ఆఫీసుకు పది నిమిషాలు. ‘‘నాయినా, దీన్ని తుక్కుకు ఇచ్చేద్దాం. కొత్త బండి నేను కొనిస్తా’’ అని రెండేళ్లుగా అంటున్నాడు.

అతని మాటలో తప్పేం లేదు. 2021 ఆగస్టులో కేంద్రం పాత వాహనాల తుక్కు విధానం తెచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన బండ్ల రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్ రుసుములు బాగా పెరిగాయి. ఏళ్లు నిండినంత మాత్రాన ప్రైవేటువాళ్ల బండిని తుక్కు చేయాలని ఆ విధానం చెప్పదు. కానీ పరీక్షలో నెగ్గాలి. పాత ఇంజిన్ పొగ సంగతీ ఉంది. కొత్త బండితో పోలిస్తే పాత బండి పొగ ఎక్కువ, భద్రత తక్కువ. ప్రేమతో ఆ లెక్క మారదు.

పెద్దాయన వాదన వేరు. ‘‘నెలనెల కిస్తీ కట్టుకుంట గడ్డి మోస్తే పాలల్ల మిగిలేదేంది? ఇది నాకు అప్పు లేని బండి. ఇంక... ఈ ఊర్ల నా చిన్నప్పటిది ఏది మిగిలింది చెప్పు?’’

ఆ మాటకు కొడుకు దగ్గర జవాబు లేదు. మా దగ్గరా లేదు. ఆ సాయంత్రం పెద్దాయన మమ్మల్ని గుట్ట వైపు తీసుకెళ్లి, పాత పొలం ఎక్కడుండేదో చూపించబోయారు. సర్వే నంబరు నోటికొచ్చు. విస్తీర్ణం గుంటలతో సహా చెప్పారు. ఎకరానికి నలభై గుంటలు, గుంటకు 121 గజాలు, వెరసి 4,840 గజాలు. లెక్క ఎక్కడికీ పోలేదు, కాగితం మీద భద్రంగా ఉంది. మరి బాయి ఎక్కడ? గట్టు ఎక్కడ? చింతచెట్టు ఎక్కడ? ఆయన చెయ్యి ఓ భవనం మీద నుంచి ఇంకో భవనం మీదికి కదిలి, ఆగిపోయింది. కొలత ఉంది, రూపం లేదు.

గురువారం సంత, ఆటోనగర్

ఇక అద్దం. పక్క తలుపుల అద్దాలైతే చదునుగా ఉంటాయి. పనితనం ఉన్న దుకాణంలో కొలతకు కోయించుకోవచ్చు. ముందు అద్దం అలా కాదు. వంపు ఉంటుంది. పైగా రెండు గాజు పలకల మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ అద్దమే వాడాలి. రాయి తగిలితే పగిలినా ముక్కలై మొహం మీద పడదు. ఆ వంపు రావాలంటే అచ్చు ఉండాలి. ఒక్క బండి కోసం ఎవరూ అచ్చు చేయరు.

ఓ గురువారం జుమ్మేరాత్ బజారుకు వెళ్లాం. జుమ్మేరాత్ అంటేనే గురువారం. 1578లో కట్టిన పురానాపూల్‌కు దగ్గర్లో జరిగే ఈ సంతలో దొరకని పాత వస్తువు ఉండదంటారు. గొళ్లేలు, గేర్లు, ఫ్యాన్ రెక్కలు, టెలిఫోన్లు, ఒంటి చెప్పులు కూడా. అద్దం మాత్రం లేదు. ఓ గోనెపట్టా మీద పెద్దాయన కళ్లు ఆగాయి. ఆల్విన్ చేతి గడియారం!

‘‘నడుస్తదా?’’

‘‘నడవదు పెద్దాయనా. షోకు పెట్టుకో.’’

‘‘వద్దు తియ్యి. నడవని ఆల్విన్ ఇంట్ల ఒకటి ఉన్నది’’ అని నవ్వుతూ లేచారు.

తర్వాతి శనివారం విజయవాడ దారిలో వనస్థలిపురం దగ్గరున్న ఆటోనగర్‌కు. లారీల లోకం అది. ఓ పక్క బాడీలు కడుతుంటారు, ఇంకో పక్క విప్పుతుంటారు. విప్పిన చోట ఇంజిన్లు ఒక గుట్ట, ఇరుసులు ఒక గుట్ట, కమాన్ కట్టలు ఒక గుట్ట. ఉస్తాద్ ముందే హెచ్చరించారు. ‘‘ఇనుము పాతది కొనొచ్చు, రబ్బరు పాతది కొనొద్దు.’’ పాత బండి ఉన్నవాళ్లందరూ గుర్తుపెట్టుకోవలసిన మాట. గేరు, ఇరుసు, కమాను లాంటివి చూసి కొనొచ్చు. రబ్బరు, బ్రేకు లైనింగు, గొట్టాలు మాత్రం కొత్తవే వేయాలి. అవి వాడకపోయినా ముసలివైపోతాయి.

అక్కడా అద్దం లేదు. ఓ తుక్కు వ్యాపారి మాత్రం ఓ దారి చెప్పాడు. ‘‘ఆ బండి పుట్టిన ఊరికి పోండి. పుట్టింట్ల ఏదో ఒకటి మిగుల్తది.’’

ప్రపంచంలో ఇలాంటి వాళ్లు...

ఇలా వెతికేవాళ్లు మనదగ్గరే కాదు, అన్నిచోట్లా ఉన్నారు. అమెరికాలో పెద్ద పెద్ద పశువుల క్షేత్రాల్లో అరవై, డెబ్భై ఏళ్ల కిందటి ఫోర్డ్, షెవర్లే పికప్ ట్రక్కులు నేటికీ కనిపిస్తాయి. అక్కడివాళ్లకు ఓ వెసులుబాటుంది. ఆ ట్రక్కులు లక్షల్లో అమ్ముడయ్యాయి కాబట్టి, వాటి తలుపు పిడి నుంచి అద్దం చుట్టూ ఉండే రబ్బరు దాకా కొత్తగా తయారుచేసి అమ్మే కంపెనీలు ఉన్నాయి. క్యూబాలో పరిస్థితి వేరు. 1960ల మొదట్లో అమెరికా వాణిజ్యాన్ని ఆపేశాక, 1950ల నాటి అమెరికా కార్లకు అసలు సామాను రావడం ఆగిపోయింది. అక్కడి మెకానిక్కులు వేరే దేశాల కార్ల ఇంజిన్లు వేసి, పార్టులు తామే కోసి, వాటిని దశాబ్దాల పాటు నడిపించారు.

ఎక్కువగా అమ్ముడైన బండి ముసలిదైనా దాన్ని నమ్ముకుని ఓ మార్కెట్టు ఉంటుంది. తక్కువగా అమ్ముడైన దానికి ఉండేది ఉస్తాదే.

పుట్టింటి ప్రయాణం

మర్నాటి ఆదివారం కోకాపేట దగ్గర ఔటర్ ఎక్కి, ముత్తంగి దగ్గర దిగి ముంబయి రహదారి పట్టాం. కందిలో ఐఐటీ, సంగారెడ్డి, సదాశివపేట. ఆ తర్వాత నేల ఎర్రబడుతుంది. చెరకు, అల్లం, ఆలుగడ్డ పండే జహీరాబాద్ ప్రాంతం మొదలవుతుంది.

పెద్దాయన దారంతా మాట్లాడుతూనే ఉన్నారు. కొత్త బండిని తండ్రి ఇదే రోడ్డు మీద తెచ్చాడట. ఆయన వెనక నిలబడి, గాలికి తల చెదిరి, ఇంటికొచ్చేసరికి దుమ్ము బొమ్మలా ఉన్నాడట. ‘‘మా అమ్మ ముందుగాల బండికి దిష్టి తీసింది. తర్వాత నాకు.’’

జహీరాబాద్‌లో మూడు పాతసామాను దుకాణాలు తిరిగాం. నాలుగో దాని యజమాని మా మాట విని పెరట్లోకి తీసుకెళ్లాడు. గోడ వారగా సర్కారు తుమ్మ మొక్కల మధ్య ఓ లారీ ముందు భాగం. ఇంజిన్ లేదు. చక్రాల్లేవు. సీటు తీసేసి లోపల సిమెంటు సంచులు పెట్టుకున్నారు, తడవకుండా. ముందు అద్దం మీద వేలు మందం దుమ్ము. పెద్దాయన కండువాతో తుడిచారు. చీలిక లేదు. మళ్లీ తుడిచారు. మూల మూలా వేళ్లతో తడిమారు. ఏమీ లేదు.

బేరం ఎలా జరగాలో అలాగే జరిగింది. ముందు ‘అమ్మను’ అన్నాడు. తర్వాత ‘సంచులు తడుస్తాయి’ అన్నాడు. సంచుల మీద కప్పడానికి కొత్త పరదా కొనిస్తామనేసరికి దారికొచ్చాడు. అద్దానికి, పరదాకు కలిపి అయిన ఖర్చు, మేం తాగిన డీజిల్ ఖర్చు కంటే పెద్ద ఎక్కువేం కాదు.

అసలు పరీక్ష అద్దం ఊడదీయడం. ఉస్తాద్ ఫోన్‌లోనే పాఠం చెప్పారు. ‘‘రబ్బరును కాపాడాలని చూడొద్దు. బ్లేడుతోని చుట్టూ కోసెయ్. రబ్బరు మీటర్ లెక్క రాణిగంజ్‌ల దొర్కుతది. అద్దం దొర్కదు. లోపల కూసొని రెండు కాళ్లతోని మెల్లగ, ఒక్కతీరు తొయ్యాలె. ఒక్క మూల నొక్కితే పాయె.’’

లోపల కూర్చుని తోసింది ఎవరో తెలుసా? తుక్కుకు ఇచ్చేద్దామన్న కొడుకే. బూట్లు విప్పి, సిమెంటు సంచి మీద వెల్లకిలా పడుకుని, పాదాలు రెండూ అద్దానికి ఆనించాడు. బయట పెద్దాయన, మేము చేతులు చాపి నిలబడ్డాం. ఎవరూ మాట్లాడలేదు. టప్‌మని ఓ చప్పుడు. అందరి గుండె ఆగింది. ఎండిన రబ్బరు తెగిన చప్పుడది. అద్దం నెమ్మదిగా పెద్దాయన చేతుల్లోకి జారింది.

రెండు బొంతల మధ్య పెట్టి, కారు వెనక సీటులో నిలబెట్టి తెచ్చాం. దాదాపు వంద కిలోమీటర్ల దూరం. ప్రతి గతుకు దగ్గరా పెద్దాయన వెనక్కి తిరిగి చూశారు.

మళ్లీ అయిదున్నర

బండి ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లింది, నెగ్గింది. ఓ తెల్లవారుజామున మేం మళ్లీ పుప్పాలగూడ వెళ్లాం. రాత్రి షిఫ్టు ఉద్యోగులను దించే క్యాబ్‌లు గేట్ల ముందు ఆగుతున్నాయి. వాటి వెనకే హారన్ కొట్టుకుంటూ, గడ్డిమోపులు చెవులదాకా కట్టుకుని, నీలం బండి వచ్చింది. కొట్టం ముందు ఆగింది. రాళ్లు పక్కన గోడకు చేరాయి.

‘‘ఇంకెన్నాళ్లు నడుస్తుంది?’’ అని అడిగాం.

‘‘నడిచినన్ని రోజులు. మల్ల పరీక్షల తప్పితే అప్పుడు ఇచ్చేస్త. మనిషికైనా గంతే కద’’ అన్నారు పెద్దాయన, గడ్డి దించుతూ. దాన్ని కలకాలం నడపాలన్న పట్టుదల ఆయనకేం లేదు. చిన్న సామాను దొరకలేదన్న సాకుతో మాత్రం పోనివ్వదలచుకోలేదు.

కొడుకు లోపలినుంచి ఓ నోటు పుస్తకం తెచ్చి చూపించాడు. ఈ మధ్య రోజూ సాయంత్రం ఉస్తాద్ షెడ్డుకు వెళ్తున్నాడట. ఆయన తలలో ఉన్నదంతా రాసుకుంటున్నాడు. ఏ పార్టుకు ఏ కొలత, ఏ బండిది సరిపోతుంది, ఏది ఎక్కడ దొరుకుతుంది. ఉస్తాద్‌కు అరవై దాటాయి. ఆయన పిల్లలెవరూ ఈ పనిలోకి రాలేదు. ఆయన చెప్పకపోతే ఈ లెక్కలు ఏ పుస్తకంలోనూ దొరకవు.

పేజీలు తిప్పాం. ముందు చక్రాల బేరింగుకు నంబరుంది. ఆయిల్ సీల్‌కు మూడంకెలున్నాయి. ఫ్యాన్ బెల్టుకు, క్లచ్ ప్లేటు రివిట్లకు, బ్రేకు రబ్బరుకు అన్నిటికీ ఎదురుగా కొలతలున్నాయి. చివరి వరసలో మాత్రం కొలత రాయలేదు. అక్కడ ఇలా ఉంది...

‘ముందు అద్దం: జహీరాబాద్‌ల ఒక్కటే ఉండె. తెచ్చినం. పైలంగ నడపాలె.’